పోలేరమ్మ తోపులో కలుపు

మాఘమాసంలో, మా మళ్లలో రెండో కలుపు అయిపోయి చేతులు ఖాళీ అయిన వారంలో, నేనూ మా చెల్లెలు రవణమ్మా కావలిలో పొద్దున ఆరు దాటాక వచ్చే పాసింజరు రైలు ఎక్కాం. నా నెత్తిన కట్టెల మోపు. దాని చంకలో కొత్త చీపురు. ఇద్దరి మధ్యన ఒక సంచి, అందులో బియ్యం, పెసరపప్పు, బెల్లం, ఇత్తడి గిన్నె. మేం పోతున్నది అడవికి. అడవికి కట్టెలు మోసుకుపోయే వాళ్లను చూసి జనం నవ్వితే తప్పు వాళ్లది కాదు.

సంగతి చెప్తాను. వాకాడు దాటాక సముద్రం ఒడ్డున తిప్పపాళెం అనే ఊరుంది. ఆ ఊరికీ సముద్రానికీ నడుమ, ఇసుక తిప్పల మీద ఒక తోపు. తోపంటే మామిడితోపు కాదు, ఎవరూ నాటింది కాదు. తనంతట తాను మొలిచిన చిట్టడవి. రోహిణి ఎండల్లో కూడా పచ్చగానే ఉంటుంది. దాని నడిమధ్య పోలేరమ్మ. గుడి లేదు, కప్పు లేదు, పసుపు పూసిన రాయి అంతే. మా పుట్టింటివాళ్లకు ఆమె ఇలవేల్పు. మా పెద్దలు ఎప్పుడో ఆ తీరం వదిలి, వరి పండే నేల వెతుక్కుంటూ కావలి పక్కకు వచ్చారట. అమ్మను మాత్రం అక్కడే ఉంచి వచ్చారు.

వెళ్లాలనుకునే వాళ్ల కోసం తోపు కట్టుబాట్లు రాస్తున్నాను. చెప్పులు బయటే విడవాలి. లోపలికి ఇనుము తేకూడదు. కొడవలీ గునపం సంగతి సరే, చీరకు పెట్టుకున్న పిన్నీసు కూడా తీసేయాలి. లోపల ఆకు తుంచకూడదు. ఎండి రాలిన పుల్లనైనా పొయ్యిలో పెట్టకూడదు, అందుకే పొంగలికి కట్టెలు ఇంటినుంచి మోసుకు పోవాలి. తిరిగి వచ్చేటప్పుడు చీర దులుపుకొని బయటికి రావాలి. ఇసుక రేణువు కూడా అమ్మదే.

ఇవిగాక ఒక సేవ ఉంది. నేల సేవ అంటారు, ఆకు తుంచకూడదన్న కట్టుబాటుకు మినహాయింపు ఇదొక్కటే. మా బోటి సేద్యగాళ్ల ఇళ్ల ఆడవాళ్లు అమ్మ చుట్టూ, తోపులో చెట్ల కింద మొలిచిందంతా చేత్తో పీకి, రాలిన ఆకులు ఊడ్చి, తెల్లటి ఇసుక కనబడేలా చేసి వస్తారు. కలుపు తీసే చేతులు మావి. అమ్మకు మేం ఇవ్వగలిగింది ఆ పనే.

పోయిన కార్తీకంలో రవణమ్మ మొగుడు మడి గట్టున, గెనెం మీద కూలబడ్డాడు. నెల్లూరు ఆస్పత్రిలో ముక్కుకు గొట్టం పెట్టి పడుకోబెట్టారు. ఇది ఆస్పత్రి వరండాలో కూర్చొని మొక్కుకుంది. ఆయన లేచి తన కాళ్ల మీద ఇంటికొస్తే, అమ్మ నేలమీద ఒక్క మొలక, ఒక్క ఆకు లేకుండా తన చేతులతో శుభ్రం చేస్తానని. ఆయన లేచాడు. ఇప్పుడు పాలు పిండుతున్నాడు, పక్కింటివాళ్లతో తగవులు కూడా పెట్టుకుంటున్నాడు. మొక్కు మాత్రం అట్లాగే నిలిచిపోయింది. రాత్రిపూట ఆయన ఒక్కసారి దగ్గితే చాలు, రవణమ్మ లేచి కూర్చుంటుంది. అమ్మ గుర్తుచేస్తోందని దాని భయం. నేను అనేకసార్లు చెప్పాను, అది చుట్టపొగ దగ్గు అని. వినదు.

రైల్లో మా ఎదురుగా మస్తాన్ అని ఒకాయన కూర్చున్నాడు. పరుపులు కుట్టే పనట, నెల్లూరులో దిగాలి. మా మోపును చూసి, చీపురును చూసి, ఉండబట్టలేక అడిగాడు.

"యాడికి పెద్దమ్మా, ఇంత పొద్దున్నే?"

"అడవికి."

"అడవికా! కట్టెలు తీసుకొనా? ఈసారి సముద్రానికి పోయేటప్పుడు ఉప్పు కూడా తీసుకొని పోండి."

పక్కనున్న వాళ్లంతా నవ్వారు. రవణమ్మ మొహం ముడుచుకుంది. నేను కట్టుబాటు సంగతి చెప్పాను. ఆయన నవ్వు ఆపి, టోపీ సర్దుకున్నాడు.

"మా దర్గా కాడ కూడా అంతేనమ్మా. ఆడ చింతచెట్టుకు కాయ రాలితే ఏరుకోవాల్సిందే గాని రాయి వెయ్యరు. ఏమన్నా అనుకోబాకండి, నోరు జారినా."

నెల్లూరులో దిగేటప్పుడు మోపు జారకుండా తన దగ్గరున్న పురికొస తీసి ఇంకో ముడి వేసి పోయాడు.

వెంకటాచలం దగ్గర రైలు చాలాసేపు నిలబడింది. ఎక్స్‌ప్రెస్ పోవాలట. నేను బోర్డు చదివాను. నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి, అందుకని బోర్డు కనబడితే వదిలిపెట్టను.

"ప్రతి టేసనూ నాకు చదివి చెప్పాల్నా? నువ్వు చదవకపోతే రైలు ఆగదా?" అంది రవణమ్మ.

అది తెల్లవారి నుంచీ ఏమీ తినలేదు. మొక్కు తీరి పొంగలి దించేదాకా తినదు. నాకు చక్కెర మాత్ర ఉంది, మాత్రకు టిఫిన్ కావాలి. గూడూరులో దిగగానే స్టేషన్ బయట దోసెలు తిన్నాను. పచ్చడి బాగుంది, సాంబారు నీళ్లు. అది నా పక్కనే కూర్చొని నేను తింటుంటే గుటకలు మింగింది. జాలి పడలేదు. వద్దన్నది అదే కదా.

గూడూరు బస్టాండులో కోట మీదుగా వాకాడు పోయే బస్సు తొమ్మిదిన్నరకు దొరికింది. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్టు లేదిప్పుడు. కండక్టరు మోపుకు లగేజీ కొట్టాలా వద్దా అని కాసేపు ఆలోచించి, "అమ్మోరి కట్టెలంటాండారు గదా, పోనీలే" అని వదిలేశాడు. కోట దాటాక రెండుపక్కలా వరి, ఆపైన రొయ్యల గుంటలు, ఆపైన వరసలు తీరిన సరుగుడు తోటలు. సరుగుడులో గాలి శబ్దం బాగుంటుందిగానీ కింద ఏమీ మొలవదు. పిట్ట కూడా కనబడలేదు. వాకాడు నుంచి తిప్పపాళేనికి షేర్ ఆటో. దిగేసరికి పదకొండు దాటింది. ఊళ్లో ఒక టీ కొట్టు, ఒక చిల్లరకొట్టు తప్ప ఇంకేం లేవు. కాబట్టి వెళ్లేవాళ్లు కావలసినవన్నీ వాకాడులోనే కొనుక్కోవాలి.

తోపు దగ్గరకు నడుస్తుంటేనే గాలి మారిపోయింది. అప్పటిదాకా ఎండ, ఉప్పు. చెట్ల దరికి రాగానే తడి ఆకు వాసన. ఇదివరకు కంచె లేదు. ఇప్పుడు తాటిమట్టలతో కంచె కట్టి దడి తలుపు పెట్టారు. తలుపు దగ్గర పోలయ్య కూర్చొని వల కుట్టుకుంటున్నాడు. అమ్మకు దీపం పెట్టే ఇల్లు వాళ్లది. తాతల నుంచీ వాళ్లే. చేపలవేట చేసే మనిషి, నాకంటే నాలుగైదేళ్లు చిన్న, నాకంటే మొండి.

"రండక్కా రండి, బాగుండారా? కట్టెలు ఆ నీడలో దించండి. చీపురు ఈడ పెట్టేయండి."

"చీపురు లోపలికి కావాల అన్నా," అంది రవణమ్మ. "నేల సేవ మొక్కు ఉండాది."

"నేల సేవ ఆపేసినాం తల్లీ. పోయినేటి నుంచీ."

"ఆపేసినారా? ఎవరు ఆపేసినారు? అమ్మ చెప్పిందా?"

"ఊరు చెప్పింది. లోపలికొచ్చి చూడండి, నేను చెప్పేదానికంటే చూస్తేనే తెలస్తది."

పిన్నీసులు తీసి తలుపుకు గుచ్చి, చీపురు బయట వదిలి, లోపలికి పోయాం. రవణమ్మ నా చెయ్యి పట్టుకొని నడిచింది.

లోపల అట్లాంటి నీడ నేను ఇంకెక్కడా చూడలేదు. పాలచెట్లు పెద్దవి, వాటి బెరడు మొసలి వీపులాగా ఉంటుంది. నడుమ నేరేళ్లు. వాటికింద అల్లి పొదలు, కలివి పొదలు, బలుసు. వాటిని చుట్టుకొని గురివింద తీగలు. పైన గబ్బిలాలు గుంపుగా వేలాడుతూ రచ్చబండ కాడ ముసలాళ్లలాగా ఒకదాన్నొకటి తిట్టుకుంటున్నాయి.

"రాకెట్టు లేచినప్పుడల్లా ఇవి కూడా లేస్తాయి," అన్నాడు పోలయ్య దక్షిణం వైపు, శ్రీహరికోట ఉన్న దిక్కుకు చెయ్యి చూపించి. "ఒక చుట్టు తిరిగి మళ్లా వచ్చి తగులుకుంటాయి. అది పోతుంది, ఇవి ఈడనే ఉంటాయి."

అమ్మ రాయికి కాస్త ఇవతల రెండు పెద్ద పాలచెట్లు వేళ్లతో సహా పెకలించుకొని పడి ఉన్నాయి. గాలివానకు పడ్డాయట. కట్టుబాటు ప్రకారం ఎవరూ ముట్టుకోలేదు. అక్కడ పైన ఆకాశం కనబడుతోంది, ఇంటి కప్పు లేచిపోయినట్టు.

"ఇప్పుడు చెప్పండక్కా," అన్నాడు పోలయ్య. "ఈ తోపంతా తిరిగినారు గదా. పడుచు చెట్టు ఒకటన్నా చూసినారా?"

చూడలేదు. అన్నీ మానులే. మోకాలెత్తు చెట్టు లేదు, నడుమెత్తు చెట్టు లేదు.

"అందరూ ముసలోళ్లే. పిల్లల్లేరు. మొలిచింది మొలిచినట్టు సేవ పేరుతో పీకేస్తిమి, ఆకు ఊడ్చేస్తిమి. రెండు పడినాయి, వాటి స్థానంలో నిలబడేదానికి ఒక్కటి లేదు. పోయినేడు ఊడవకుండా వదిలేస్తే ఇదిగో, ఇప్పుడు చూడండి."

కింద ఆకుల నడుమ జానెడు ఎత్తున మొలకలు. దగ్గర దగ్గరగా, మా నారుమడిలో లేచినట్టే. ఒక్కోదాని పక్కన ఒక్కో వెదురు పుల్ల గుచ్చి ఉంది. ఆ పుల్లలు గుచ్చుతున్న అమ్మాయి ఇసుకలో మోకాళ్ల మీద నుంచి లేచి దండం పెట్టింది. పేరు సుహాసిని. గూడూరులో కాలేజీ పిల్లలకు చెట్ల పాఠం చెప్తుందట. సెలవు రోజుల్లో ఇక్కడికి వస్తుంది.

ఆ అమ్మాయి చెప్పిన సంగతి ఇది. ఒకప్పుడు ఈ తీరం పొడవునా ఇట్లాంటి అడవే ఉండేది. ఇప్పుడు అక్కడొక ముక్క ఇక్కడొక ముక్క మిగిలింది. ఇక్కడి గింజలు తీసుకుపోయి వేరేచోట నారు పెంచుదామని ఆమె మొదట అడిగింది. ఊరు ఒప్పుకోలేదు, గింజ బయటికి పోకూడదు కాబట్టి. అందుకని ఇక్కడ రాలింది ఇక్కడే బతకాలి. ఇంకో దారి లేదు.

"గబ్బిలం తీసుకొనిపోతే మాకు అభ్యంతరం లేదు," అన్నాడు పోలయ్య. "దానికి కట్టుబాటు లేదు గదా."

అప్పటిదాకా బాగానే ఉంది. రవణమ్మ మొక్కు సంగతి విన్నాక ఆ అమ్మాయి కంగారుపడి నోరు జారింది.

"వద్దమ్మా, ప్లీజ్, ఇక్కడ ఏదీ పీకొద్దు. ఇన్నాళ్లూ మీవాళ్లు చేసింది సేవ కాదు, డ్యామేజీ."

రవణమ్మకు డ్యామేజీ అనే మాట తెలుసు. వరి వానకు తడిసినప్పుడల్లా వినే మాటే.

"మా అమ్మ చేసింది డ్యామేజీనా? మా అవ్వ చేసింది డ్యామేజీనా? మోకాళ్లు కొట్టుకపోయేట్టు ఈడ దేక్కుంటా పీకినారే, పిచ్చోళ్లా వాళ్లు?"

ఏడుస్తూ తలుపు దాటి బయటికి పోయింది. నేను ఆ అమ్మాయితో చెప్పాను, "నువ్వు చెప్పింది నిజమేనమ్మా. చెప్పిన తీరు బాగలేదు." ఆ అమ్మాయి తల వంచుకుంది. మరీ చిన్నపిల్ల, కొట్టినట్టయింది నాకు. కానీ అనక తప్పదు.

బయట పోలయ్య భార్య మజ్జిగ తెచ్చింది. రవణమ్మ ముట్టలేదు. కట్టెల మోపు పక్కన కూర్చొని ఇసుకలో గీతలు గీస్తోంది.

"ఇంటికి పోదామా?" అన్నాను.

"ఎట్టా పోతానక్కా? ఏం మొహం పెట్టుకొని పోతాను? ఆయన ఊపిరి కోసం చెప్పిన మాట అది. ఊడవకుండా పోయినాక ఆయనకు మళ్లా ఏమన్నా అయితే, చెట్ల మొలకలు అడ్డొచ్చినాయి అని చెప్పుకోనా?"

"పోనీ ఊడుస్తావా?"

గీసిన గీతలు అరచేత్తో చెరిపేసింది. "ఆ మొలకలు చూసినావా? పాలాకు, లేతగా, నూనె రాసినట్టు ఉండాది. ఎట్టా పీకను?"

అదీ దాని ఇబ్బంది. పీకితే ఒక పాపం, పీకకపోతే ఇంకొకటి. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియదు. లేచి కంచె పొడుగునా నడిచాను. కోపం వస్తే నడవడం నాకు అలవాటు.

తూర్పు మూలకు, సముద్రం వైపుకు పోయేసరికి కంచె లోపలే సర్కారు తుమ్మ కనబడింది. పెద్ద చెట్లు కావు. మోకాలి దాకా వచ్చినవి కొన్ని, ఇప్పుడే లేస్తున్నవి లెక్కలేనన్ని. మేకలు కాయలు తిని పెంటికల్లో గింజలు వేసి పోయాయి, కంచె కట్టకముందు. వాటికింద పాల మొలక ఒక్కటి లేదు. మా వరిలో ఊద గడ్డి ఎట్లా చేస్తుందో ఇక్కడ ఇది అట్లా చేస్తోంది.

వెనక్కి వచ్చి పోలయ్యను అడిగాను. "ఆ మూలన ఉండేది అమ్మ నేలేనా?"

"ఎందుకు కాదు? దడి లోపల అంతా అమ్మదే."

"మరి ఆ తుమ్మకంప ఎందుకు వదిలేసినావు?"

"ఏం చేసేదక్కా? ఇనుము లోపలికి రాకూడదాయె. లేతగా ఉండేటప్పుడు చేత్తో పీకితేనే వస్తాది, ముదిరితే రాదు. నేను, మా ఆమె, ఈ పంతులమ్మ, ఎంతని పీకుతాం? ఊళ్లో వాళ్లను రమ్మంటే వంగే నడుము లేదంటారు. వలకైతే వంగుతారు, దీనికి వంగరు."

నేను రవణమ్మ దగ్గరకు వచ్చాను.

"మేయ్, వరి మడిలో దిగితే మొలిచిందంతా పీకుతావా?"

"అదేం మాట? ఊద పీకుతాను. వరి పీకితే మా ఆయన నన్ను మడిలోనే పాతిపెడతాడు."

"ఈడ వరి ఏదో, ఊద ఏదో మనకు ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు తెలిసింది గదా. లెయ్యి."

లేచింది గానీ తూర్పు మూలకు పోలేదు. సూటిగా అమ్మ రాయి దగ్గరకు పోయింది. రాయి మీద పునుగుపిల్లి పెంట వేసి ఉంది, దాన్నిండా పాలగింజలు. మామూలుగా అయితే రవణమ్మ నీళ్లు తెచ్చి రాయి కడిగేసేది, ఇప్పుడూ చెయ్యి చాపింది. పోలయ్య వెనకనుంచి అరిచాడు, "తోసేయబాక తల్లీ, దాంట్లో విత్తనాలు ఉండాయి, ఎండినాక మేమే కింద వేస్తాం!" అది చెయ్యి వెనక్కి తీసుకొని, చీర కొంగు భుజాన కప్పుకొని, పక్కింటావిడతో మాట్లాడినట్టు గట్టిగా మాట్లాడింది.

"అమ్మా, ఒక్క మొలక లేకుండా ఊడుస్తానని అన్నాను. నిజమే, అన్నాను. ఊడిస్తే నీ బిడ్డలు పోతారంట. అప్పుడు నాకు తెలవదు. ఊడవను. కంప పీకుతాను. నా చేతులతోనే, ఇనుము లేకుండా, ఆ మూల శుభ్రం చేసి పోతాను. ఒప్పుకుంటే ఒప్పుకో. ఒప్పుకోకపోతే నా మీద కోపం పెట్టుకో, నేను పడతాను. ఆయన మీద పెట్టుకోబాక."

ఏ పువ్వూ రాలలేదు, బల్లీ పలకలేదు. గబ్బిలాలు తమ గొడవలో తామున్నాయి. అది ముక్కు తుడుచుకొని, తూర్పు మూలకు నడిచింది.

పోలయ్య భార్య పాత గోనెసంచులు ఇచ్చింది. చేతులకు చుట్టుకొని మొదలుపెట్టాం. సంక్రాంతి ముందు పడిన వానల తడి ఇసుక లోపల ఇంకా ఉంది. లేత తుమ్మ మొక్కను మొదట్లో పట్టుకొని, కాస్త అటూ ఇటూ ఆడించి, నిటారుగా లాగితే వేరుతో సహా వస్తుంది. వంచి లాగితే తెగుతుంది, తెగితే మళ్లీ లేస్తుంది. సుహాసిని వచ్చి మా పక్కన కూర్చొని ఏది పాల, ఏది నేరేడు, ఏది అల్లి అని ఆకులు చూపించింది. రవణమ్మ మొదట ఆ అమ్మాయి వైపు చూడకుండానే విన్నది. తర్వాత అదే అడగడం మొదలుపెట్టింది.

"ఇదేందమ్మా? ఎర్రగా ఉండాది చిగురు?"

"నేరేడు. వదిలేయండి."

"అయ్యో, పీకేసినానే!"

పీకినదాన్ని వేలితో గుంట చేసి నాటి, మా నాట్లలో నొక్కినట్టే బొటనవేలితో చుట్టూ నొక్కింది. చెంబుతో నీళ్లు పోసింది. బతుకుతుందో లేదో చెప్పలేం. "అమ్మా, ఇందాక డ్యామేజీ అన్నాను, ఏమనుకోకండి," అంది ఆ అమ్మాయి. "అనుకున్నాను. ఇప్పుడు అనుకోడంలే. ఆ పక్క కంప అందుకో," అంది రవణమ్మ.

ఎండ తగ్గేదాకా పీకాం. నా నడుము రెండు గంటలకే మొరాయించింది. నేను పక్కన కూర్చొని పీకిన మొక్కల వేళ్లకంటిన ఇసుక దులిపి కుప్ప వేసే పని తీసుకున్నాను. ఆ కుప్ప ఏం చేయాలన్నది ఇంకో చిక్కు, బయటికి పుల్ల పోకూడదు కదా. పోలయ్య తల గోక్కొని చివరికి తేల్చాడు. "ఇది అమ్మ పుట్టించింది కాదు, మేక తెచ్చింది. మేకది మేక దారినే పోతాది." దడి మీదుగా బయటికి విసిరాడు. ఊరి పెద్దలు అడిగితే తనే చెప్పుకుంటానన్నాడు.

పొంగలి దించేసరికి పొద్దు వాలింది. తోపు తలుపు బయటే మూడు రాళ్లు పెట్టి, మా కట్టెలతో వండి, అమ్మకు పెట్టి, అరిటాకుల్లో తిన్నాం. బెల్లం ఎక్కువైంది, అయినా రవణమ్మ రెండుసార్లు పెట్టించుకుంది. ఇక ఆ రోజు బస్సు లేదు. పోలయ్య ఇంటి వసారాలో పడుకోమన్నారు. తిప్పపాళెంలో లాడ్జీ ఏదీ లేదు. వాకాడులో ఉండటం వీలుకాని వాళ్లు పోలయ్యతో ముందే మాట్లాడుకొని రావడం మంచిది. పోలయ్య ఇంట్లో చేపల పులుసు ఉంది, మాకు ఆ రోజు నీచు పనికిరాదని విడిగా పప్పు చేసింది వాళ్లావిడ. అడగకుండానే చేసింది.

దీపాలు పెట్టే వేళకు సుహాసిని టార్చికి ఎర్ర కాగితం చుట్టి మమ్మల్ని మళ్లీ తోపులోకి పిలిచింది. అల్లి కొమ్మ మీద రెండు నిప్పుల్లాంటి కళ్లు. దేవాంగ పిల్లి. పిల్లి అంటారు గానీ పిల్లి కాదు, పిడికెడు దేహం, పుల్లల్లాంటి కాళ్లు, మొహమంతా కళ్లే. అది మెల్లగా, అడుగుకో ఆలోచన చేస్తూ కొమ్మ మారింది. కొమ్మా కొమ్మా కలిసిన చోటే ఇది బతుకుతుందట, నేలమీద నడవడం దీనికి బాగా రాదట. నడుమ చెట్లు పోతే దీని దారి తెగినట్టేనట. రవణమ్మ నోరు తెరుచుకొని చూసింది.

"రాత్రంతా నిద్రపోని మొహం ఇది. ఆస్పత్రి వరండాలో నా మొహం ఇట్టానే ఉండి ఉంటాది."

సుహాసిని నవ్వాపుకోలేకపోయింది. ఆ జీవి మాత్రం కదలకుండా రవణమ్మ వంకే చూసింది.

ఆ రాత్రి సముద్రం హోరు పెద్దగానే ఉంది. మా చెల్లెలు పడుకున్నది పడుకున్నట్టే తెల్లవార్లూ నిద్రపోయింది. నాకు ఆ సంగతి ఎట్లా తెలుసంటే, దాని గురక వల్ల నేను నిద్రపోలేదు.

తెల్లారి ఏడుకు ఆటో, వాకాడులో ఇడ్లీ, గూడూరుకు బస్సు. బస్సు ఎక్కేముందు మొగుడికి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పింది. అవతల ఆయన ఏమన్నాడో నాకు వినబడలేదు, ఇది మాత్రం "నువ్వు ముందు ఆ చుట్ట మానేయి" అని పెట్టేసింది. గూడూరులో పదింటి పాసింజరులో కిటికీ పక్కన చోటు దొరికింది.

నేను చూసిన చోట్లు కొన్ని ఉన్నాయి. తిరుపతి చూశాను, శ్రీశైలం చూశాను, ఒకసారి రామేశ్వరం కూడా. అక్కడంతా దేవుడి దగ్గర మనుషులు ఎక్కువ. తిప్పపాళెంలో దేవత దగ్గర మిగతావన్నీ ఎక్కువ, మనిషి ఒక మూలన ఉంటాడు. ఆ మూల నాకు బాగుంది. ఎవరైనా పోతే మాఘంలో పోండి. ఇసుక తడి ఆరకముందు పోతే కంప బాగా వస్తుంది. గోనెసంచి మరిచిపోవద్దు, చీపురు అక్కర్లేదు.

రవణమ్మ అరచేతులు చూసుకుంటోంది. గోనె చుట్టినా ముళ్లు దిగి అక్కడక్కడా వాచింది. పసుపు రాసుకోమన్నాను. వినలేదు, వేరే ఆలోచనలో ఉంది.

"అక్కా, ఉత్తరం పక్క కూడా ఉండాది ఆ తుమ్మ. దడి చివర, కలివి పొదల వెనక. నిన్న నేను చూసినాను, నువ్వు చూళ్లేదు."

"చూసినా. అయితే ఏం?"

"ఇప్పుడు జానెడే ఉండాది. వచ్చే మాఘానికి ముదురుతాది. అప్పుడు చేత్తో రాదు."

"నీ మొక్కు తీరిపోయింది గదే. ఇంకెందుకు?"

కిటికీలోంచి బయటికి చూస్తూ, సేద్యగత్తె మడి చూసి వచ్చి మాట్లాడినట్టు, మామూలుగా అంది.

"మొక్కు తీరితే? మడిలో ఊద పెట్టుకొని ఇంట్లో ఎట్టా కూర్చుంటామక్కా? ఉగాది లోపల ఒకసారి వచ్చి పోదాం. ఈసారి మా ఆయన్ను కూడా లాక్కొస్తా. ఊరికే కూర్చొని దగ్గేదానికంటే నాలుగు కంపలు పీకుతాడు."